క్రవాత్ పద్ధతి అంటే అసలేమిటి, ఇప్పుడు ఎంత మిగిలింది?

విశాఖ_ఎల్‌ఎల్‌బీ
అమెరికా లా ఫర్మ్‌ల గురించి ఎక్కడ చదివినా క్రవాత్ సిస్టమ్, క్రవాత్ స్కేల్, లాక్‌స్టెప్ అని మూడు మాటలు తగులుతున్నాయి. మూడూ ఒకటేనా? న్యూయార్క్‌లో ఒక ఆఫీసు పెట్టుకున్న పద్ధతి దేశమంతా ఎలా పాకింది? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. లింకులు వద్దు, మీ మాటల్లో చెప్తే చాలు.

పాత_దస్తావేజు
మూడూ వేరు. సిస్టమ్ అంటే ఆఫీసు నడిపే తీరు. స్కేల్ అంటే జూనియర్ల జీతాల పట్టిక. లాక్‌స్టెప్ అంటే పార్ట్‌నర్లు, అంటే ఫర్మ్ యజమానులైన లాయర్లు, లాభం పంచుకునే లెక్క. మూడింటికీ క్రవాత్, స్వెయిన్ అండ్ మూర్ అనే ఒకే ఆఫీసు పేరు అంటుకోవడం వల్ల కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

ఈ ఫర్మ్ తన పుట్టుకను 1819 నుంచి లెక్క వేసుకుంటుంది. వేరు ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ అనే చిన్న ఊళ్లో ఉంది. అక్కడ ప్రాక్టీసు చేసిన విలియం సీవర్డ్ తర్వాత లింకన్ దగ్గర విదేశాంగ మంత్రి అయ్యాడు. 1867లో రష్యా నుంచి అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొన్నది ఆయనే. ఆయన ఆఫీసులో భాగస్వామిగా ఉన్న శామ్యూల్ బ్లాచ్‌ఫోర్డ్ 1854లో న్యూయార్క్ నగరానికి మకాం మార్చి అక్కడ ఫర్మ్ పెట్టాడు. ఆయన 1882లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు.

పాల్ డ్రెన్నన్ క్రవాత్ వచ్చింది చాలా ఆలస్యంగా, 1899లో. అప్పటికే జార్జ్ వెస్టింగ్‌హౌస్ తరఫున ఎడిసన్ మీద బల్బు పేటెంటు కేసులు నడిపిన అనుభవం ఉంది. ఇప్పుడున్న పేరు ఖాయమైంది 1944లో, ఆయన పోయిన నాలుగేళ్లకు. అంటే రెండు వందల ఏళ్ల ఫర్మ్ అంటున్నా, మనం మాట్లాడుకునే పద్ధతికి నూరేళ్ల పైచిలుకు వయసే.

మేడ_మీద_ఆఫీసు
పై పోస్టుకు కొనసాగింపు. క్రవాత్ ఏం మార్చాడో తెలియాలంటే, అంతకుముందు ఎలా ఉండేదో చూడాలి. మనవాళ్లకు చెప్పడం తేలిక: మన జిల్లా కోర్టులో సీనియర్ గారి ఆఫీసులో జూనియర్ చేరినట్టే ఉండేది. జీతం ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. కుర్చీ, పుస్తకాలు వాడుకోనిస్తారు, పని చూసి నేర్చుకోవాలి, సొంత క్లయింట్లను తెచ్చుకుని బతకాలి. (మన బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని సర్క్యులర్ పంపింది. అదీ సిఫారసే, ఆజ్ఞ కాదు.)

క్రవాత్ దీన్ని తిరగేశాడు. మంచి లా స్కూళ్లలో పైమార్కులు వచ్చినవాళ్లను, ఇంకెక్కడా పనిచేయకముందే నేరుగా తీసుకోవడం. మొదటి రోజు నుంచే జీతం. బదులుగా సొంత క్లయింట్లు, పక్క వ్యాపారాలు కుదరవు. వచ్చిన ప్రతి క్లయింటూ ఫర్మ్‌కే చెందుతాడు, తెచ్చినవాడికి కాదు. కొన్నేళ్లయ్యాక పార్ట్‌నర్ అవ్వాలి, లేదా బయటికి వెళ్లాలి. పార్ట్‌నర్లంతా ఇలా లోపల పెరిగినవాళ్లే.

అసలు గుట్టు శిక్షణలో ఉంది. పెద్ద కేసును ముక్కలు చేసి, జూనియర్‌కి ఒక ముక్క ఇస్తారు. ఆ ముక్క మొత్తం కేసులో ఎక్కడ అతుకుతుందో అతనికి తెలియాలి, దాన్ని పైవాడు వరస వరసా దిద్దాలి. కొన్నాళ్లయ్యాక జూనియర్‌ని ఒక పార్ట్‌నర్ దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మారుస్తారు. క్రవాత్‌లో ఈ తిప్పడం ఇప్పటికీ ఉంది, సుమారు ఏడాదిన్నరకోసారి. బాండ్ల పని చేసినవాడు తర్వాత విలీనాలు చూస్తాడు, ఆ తర్వాత బ్యాంకు అప్పులు. ఆరేడేళ్లకు ఏది వచ్చినా తడబడడు.

విశాఖ_ఎల్‌ఎల్‌బీ
పార్ట్‌నర్ కాలేకపోతే గెంటేస్తారా? అంత చదివించి, జీతమిచ్చి గెంటేయడం నష్టం కాదా?

మేడ_మీద_ఆఫీసు
గెంటేయరు, సాగనంపుతారు. తేడా ఉంది. బయటికి వెళ్లినవాడు చాలాసార్లు క్లయింటు కంపెనీలోనే లీగల్ విభాగంలో చేరతాడు. రేపు ఆ కంపెనీకి పెద్ద పని పడితే ఫోన్ ఎక్కడికి చేస్తాడు? పాత ఆఫీసుకే. కాబట్టి పెట్టిన ఖర్చు ఎటూ పోదు. రెండో కారణం: పైన చోటు ఖాళీ లేకుండా సీనియర్ అసోసియేట్లు (పార్ట్‌నర్ కాని, జీతం మీద ఉండే లాయర్లు) పేరుకుపోతే కింది వాళ్లకు మంచి ముక్కలు దొరకవు, శిక్షణ ఆగిపోతుంది.

బరోడా_నుంచి_బ్రూక్లిన్
చిన్న సవరణ. "పార్ట్‌నర్లంతా లోపల పెరిగినవాళ్లే" అనడం పూర్తిగా సరికాదు. 2007లో దివాలా చట్టం కోసం రిచర్డ్ లెవిన్‌ని స్కాడెన్ అనే ఇంకో ఫర్మ్ నుంచి తెచ్చుకున్నారు. 2011లో ప్రభుత్వ యాంటీట్రస్ట్ (గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే) విభాగం అధిపతి క్రిస్టీన్ వార్నీని తీసుకున్నారు. 2022లో వాషింగ్టన్ ఆఫీసు తెరిచింది కూడా ప్రభుత్వ నియంత్రణ సంస్థల్లో పనిచేసి వచ్చినవాళ్లతోనే. నియమం లోపలివాళ్లకే అయినా, లోపల లేని విద్య బయట నుంచి తెచ్చుకున్నారు.

ఇంకోటి, ఆ "మంచి లా స్కూలు, పైమార్కులు" అనే జల్లెడలో చాలాకాలం ఆడవాళ్లు నిలబడే అవకాశమే లేదు. క్రవాత్‌లో మొదటి మహిళా పార్ట్‌నర్ క్రిస్టీన్ బెషార్, 1971లో. 2017లో ఫర్మ్ పగ్గాలు ఫైజా సయీద్ చేతికి వచ్చాయి. వాల్‌స్ట్రీట్ పాత ఫర్మ్‌లు యూదు లాయర్లను దూరం పెట్టిన రోజుల్లో, ఆ ఫర్మ్‌లే "మర్యాద కాదు" అని వదిలేసిన శత్రుపూర్వక టేకోవర్ల (కంపెనీ యాజమాన్యం వద్దన్నా కొనేసే) పని పట్టుకుని పెరిగినవే స్కాడెన్ (1948), వాక్‌టెల్ లిప్టన్ (1965). టేకోవర్లను అడ్డుకునే పాయిజన్ పిల్‌ని 1982లో తయారు చేసింది వాక్‌టెల్‌లోని మార్టిన్ లిప్టన్. మర్యాద ఖరీదు ఎంతో పాతవాళ్లకు అప్పుడు తెలిసింది.

లెక్కల_మాస్టారు
లాక్‌స్టెప్ లెక్క ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తాను. అంకెలు ఊరికే అర్థం కావడానికి, ఏ ఫర్మ్‌వీ కావు.

కొత్త పార్ట్‌నర్‌కి 40 పాయింట్లు అనుకోండి. ఏడాదికి 6 చొప్పున పెరిగి పదేళ్లకు 100 అవుతాయి, అక్కడ ఆగుతాయి. ఏడాది చివర లాభాన్ని అందరి పాయింట్ల మొత్తంతో భాగించి, ఎవరి పాయింట్లకు తగ్గట్టు వాళ్లకు ఇస్తారు. ఎవరు ఎంత పని తెచ్చారన్నది లెక్కలోకే రాదు.

దీనివల్ల జరిగేదేమిటంటే, నా దగ్గరికి వచ్చిన క్లయింటుకి పన్నుల విషయంలో నాకంటే పక్క గదివాడు మేలు అనుకోండి, వెంటనే పంపేస్తాను. పంపినందువల్ల నాకు పైసా తగ్గదు. దీనికి ఎదురుగా "ఎవరి వేట వాళ్లదే" పద్ధతి ఉంది. అక్కడ క్లయింటు ఎవరి పేరున నమోదైతే వాళ్లకే వాటా. ఆ పేరు కోసం లోపలే కొట్లాటలు. సరిగా రాని పనిని కూడా చేతిలోంచి వదలరు, తప్పులు అక్కడే పుడతాయి.

గుంటూరు_కారం
బాగుంది కానీ, పైన కూర్చున్న 100 పాయింట్ల పెద్దాయన కాలు మీద కాలేసుకుని కూర్చుంటే? 42 ఏళ్ల ఆయన రాత్రింబవళ్లు చాకిరీ చేసి సగం తీసుకోవాలా?

లెక్కల_మాస్టారు
సరిగ్గా అక్కడే తెగింది. మీరన్న ఆ 42 ఏళ్ల ఆయనకు పక్క ఫర్మ్ రెండింతలు ఇస్తానంటుంది. పైగా అతన్ని ఆపే దారి లేదు. అమెరికాలో లాయర్ల నీతి నియమాల్లో 5.6 అని ఒకటుంది. ఫర్మ్ వదిలాక ఫలానా చోట ప్రాక్టీసు చేయకూడదని లాయర్ దగ్గర రాయించుకోవడం కుదరదు. క్లయింటుకు నచ్చిన లాయర్ దొరకాలన్నది ఆ నియమం ఉద్దేశం. ఫలితంగా పార్ట్‌నర్ వెళ్తే క్లయింట్లూ వెంట వెళ్తారు. "క్లయింటు ఫర్మ్‌కి చెందుతాడు" అన్న క్రవాత్ మాట గౌరవం మీద నిలబడేదే గానీ, చట్టం మీద కాదు.

రెండో దెబ్బ పత్రికలది. 1979లో ది అమెరికన్ లాయర్ పత్రిక మొదలైంది. తర్వాత కొన్నేళ్లకు ఏ ఫర్మ్‌లో ఒక్కో పార్ట్‌నర్‌కి సగటున ఎంత లాభమో వరస కట్టి అచ్చు వేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా పక్కింటివాడి సంపాదన ఎవరికీ తెలిసేది కాదు.

2016లో క్రవాత్ నుంచి విలీనాల పార్ట్‌నర్ స్కాట్ బార్షే పాల్ వైస్ అనే పోటీ ఫర్మ్‌కి వెళ్లినప్పుడు ఈ విషయం బయటివాళ్లకు కూడా బాగా తెలిసింది. 2021 చివర క్రవాత్ తన లాక్‌స్టెప్‌ను సడలించింది. సీనియారిటీ పోలేదు గానీ పనితీరుకూ చోటు ఇచ్చింది. 2023లో జీతం మీద ఉండే పార్ట్‌నర్ల అంతస్తు కూడా వచ్చింది. అంటే "పార్ట్‌నర్ లేదా బయటికి" అన్న నియమం మధ్యలో ఒక మెట్టు పడింది. అందుకే సిస్టమ్ ఎంత మిగిలింది అంటే నా సమాధానం: శిక్షణ చాలావరకు మిగిలింది, పంపకం సగం మిగిలింది.

పాత_దస్తావేజు
పంపకం వదిలేసి వేలంపాటకు దిగితే ఏమవుతుందో డ్యూయి అండ్ లీబఫ్ చూపించింది. 2007 అక్టోబరులో రెండు పాత ఫర్మ్‌లు కలిశాయి, లాయర్లు వెయ్యి మందికి పైనే. పేరున్న పార్ట్‌నర్లను నిలబెట్టుకోవడానికి, కొత్తవాళ్లను లాక్కోవడానికి లాభంతో సంబంధం లేకుండా ఏడాదికి ఇంత అని హామీలు రాసిచ్చారు. 2008లో పని పడిపోయింది. హామీలున్నవాళ్లకు ఇచ్చాక మిగతావాళ్లకు మిగిలేది తక్కువ. తక్కువ వచ్చినవాళ్లు వెళ్లారు, వాళ్లతో రాబడి వెళ్లింది. 2012 మే 28న దివాలా.

ఇక్కడ ఒక సాంకేతిక సంగతి చాలామందికి తెలియదు. ఈ ఫర్మ్‌లలో ఎక్కువ నగదు లెక్క పద్ధతిలో నడుస్తాయి. బిల్లు వేసిన రోజు రాబడి కాదు, డబ్బు చేతికొచ్చిన రోజే రాబడి. అందుకే డిసెంబరు నెలంతా పార్ట్‌నర్లు క్లయింట్లకు ఫోన్లు చేసి వసూళ్లు చేస్తుంటారు. ఫర్మ్ దగ్గర ఆస్తి అంటూ ఉండేది బాకీ బిల్లులే. ఫర్మ్ మూతపడుతోందని తెలిస్తే క్లయింటు బిల్లు కట్టడం మానేస్తాడు. ఫ్యాక్టరీ మూతపడితే యంత్రాలైనా మిగులుతాయి, ఇక్కడ అద్దె ఒప్పందం ఒక్కటే మిగులుతుంది.

మధ్యలో ఉన్న కేసుల్ని పట్టుకుని వేరే ఫర్మ్‌కి పోయిన పార్ట్‌నర్ల లాభంలో దివాలా ట్రస్టీకి వాటా ఉంటుందా అన్న తగాదా ఏళ్లపాటు నడిచింది. గంటల లెక్కన నడిచే పనుల్లో వాటా లేదని న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2014లో, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2018లో తేల్చాయి.

విశాఖ_ఎల్‌ఎల్‌బీ
గంటల లెక్క అన్నారు కదా. నిజంగా నిమిషాలు రాసుకుంటారా?

టైమ్‌షీట్_బాధితుడు
ఆరు నిమిషాలు ఒక ముక్క. గంటలో పదో వంతు, 0.1. ప్రతి ముక్కకీ క్లయింటు నంబరు, పని నంబరు, ఏం చేశారో ఒక వాక్యం. ఆ వాక్యంలోనే డబ్బు పోతుంది. ఉదాహరణకి ఇలా రాస్తే:

"విలీన ఒప్పందం మీద పని, టీమ్‌తో కాల్, ఈమెయిళ్లు: 7.4"

క్లయింటు కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దీన్ని మూకుమ్మడి నమోదుగా పట్టి తిప్పి కొడుతుంది. దేనికి ఎంత పట్టిందో లేదు, కాల్ ఎవరితోనో లేదు. ఇదే పనిని ఇలా విడగొట్టాలి (రెండు ముక్కలే చూపిస్తున్నాను, మిగతాదీ ఇంతే):

"కొనుగోలుదారు పంపిన మార్పుల్లో సెక్షన్ 5.1 చదివి, అంగీకరించదగ్గవి, కానివి విడదీసి నోట్ రాయడం: 2.3"
"ఆ నోట్‌పై క్లయింటు లీగల్ విభాగంతో ఫోన్: 0.7"

సాయంత్రం కూర్చుని పొద్దుటి నుంచి గుర్తు చేసుకుని రాస్తే రెండు నష్టాలు. మరిచిపోయినది బిల్లులో పడదు. అందాజుగా రాసినదానికి ఆధారం ఉండదు, తగాదా వస్తే కోర్టు కోత పెడుతుంది. పని ముగిసిన ప్రతిసారీ అప్పటికప్పుడు రాయాలి.

ఇక క్లయింట్లు ముందే పంపే నిబంధనలు చదవాలి. మొదటి ఏడాది అసోసియేట్ గంటలకు డబ్బు ఇవ్వం అనేవాళ్లున్నారు, ఒకే మీటింగుకి ఇద్దరికి మించి లాయర్లు వస్తే కట్టం అనేవాళ్లున్నారు, ప్రయాణానికి సగం రేటే అనేవాళ్లున్నారు.

లెక్కల_మాస్టారు
దాని వెనక లెక్క: ఒక అసోసియేట్ ఏడాదికి 1,900 గంటలు, గంటకు 700 డాలర్లు అనుకుంటే 13.3 లక్షలు. క్లయింటు కోతలు పోను 90 శాతం వసూలైతే 11.97 లక్షలు. పాత మూడో వంతు సూత్రం ప్రకారం ఒక వంతు జీతానికి, ఒక వంతు అద్దె, సిబ్బంది, కంప్యూటర్లకు, ఒక వంతు పార్ట్‌నర్లకు. వసూలు 90 నుంచి 85కి పడితే పోయేది 5 శాతమే కదా అనుకోకండి. జీతం, అద్దె తగ్గవు, ఆ 66,500 డాలర్లూ పార్ట్‌నర్ల వంతులోంచే పోతాయి.

1958లో అమెరికన్ బార్ అసోసియేషన్ లాయర్లకు పంచిన చిన్న పుస్తకంలో ఏడాదికి 1,300 బిల్లు గంటలు సబబు అని ఉంది. ఇప్పుడు 2,000 మామూలు మాట. వాక్‌టెల్ మాత్రం పెద్ద డీల్స్‌లో గంటలు పక్కనపెట్టి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లాగా పని విలువను బట్టి తీసుకుంటుంది.

గుంటూరు_కారం
జీతాల స్కేల్ సంగతో?

బరోడా_నుంచి_బ్రూక్లిన్
1968లో క్రవాత్ కొత్త లాయర్ జీతాన్ని ఒక్కసారిగా 15,000 డాలర్లు చేసింది, మిగతావాళ్లు వెనకే పరిగెత్తారు. 2016లో 1,80,000 చేసిందీ క్రవాతే. 2018లో మాత్రం మిల్‌బ్యాంక్ అనే ఇంకో ఫర్మ్ ముందుకొచ్చి 1,90,000 అంది. 2023 నవంబరులోనూ 2,25,000 మొదట అన్నది మిల్‌బ్యాంకే. క్రవాత్ మొదటి మెట్టును అలాగే ఉంచి పై మెట్లను ఇంకా పెంచింది, ఎనిమిదో ఏడాదికి 4,35,000. అందరూ దాన్నే పట్టుకున్నారు. పాట మొదలుపెట్టింది వేరేవాళ్లయినా సుత్తి క్రవాత్ చేతిలోనే ఉంది.

పాత_దస్తావేజు
ప్రాక్టీసు గురించి రెండు ముక్కలు. క్రవాత్ లిటిగేషన్‌లో (కోర్టు కేసుల్లో) పెద్ద కథ ఐబీఎం మీద ప్రభుత్వ యాంటీట్రస్ట్ కేసు. 1969 జనవరి 17న దాఖలు, 1975లో విచారణ మొదలు, 1982 జనవరి 8న ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 13 ఏళ్లు థామస్ బార్ నాయకత్వంలో క్రవాత్ వాదించింది. ఆలోగా కంప్యూటర్ల మార్కెట్టే మారిపోయింది.

రెండోది కాన్‌ఫ్లిక్ట్, అంటే ఒక క్లయింటు ప్రయోజనం ఇంకో క్లయింటుతో ఢీకొనడం. కొత్త పని తీసుకునే ముందు అవతలి పక్షం పేరు మాత్రమే వెతికితే సరిపోదు. అనుబంధ కంపెనీలు, వాటి యజమానులు, తోటి ప్రతివాదులు అన్నీ వెతకాలి. ఒక్క లాయర్‌కి ఉన్న అడ్డంకి మొత్తం ఫర్మ్‌కి అంటుకుంటుంది. 1997లో క్రవాత్ పార్ట్‌నర్ డేవిడ్ బోయ్స్ న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు తరఫున మేజర్ లీగ్ బేస్‌బాల్ మీద కేసు పట్టుకున్నాడు. లీగ్‌లోని అట్లాంటా బ్రేవ్స్ జట్టు యజమాని టైమ్ వార్నర్. టైమ్ వార్నర్ క్రవాత్‌కి పాత క్లయింటు. బోయ్స్ యాంకీస్‌ని వదల్లేదు, క్రవాత్‌ని వదిలాడు.

టైమ్‌షీట్_బాధితుడు
డీల్స్‌లో ఏం తప్పు జరుగుతుందో ఒకటి చెప్తాను, ఇది కోర్టు తీర్పుల్లో ఉన్నదే, ఫర్మ్‌ల పేర్లు అక్కర్లేదు. 2008లో జనరల్ మోటార్స్ సుమారు 300 మిలియన్ డాలర్ల పాత లీజు అప్పు తీర్చేస్తోంది. అప్పు తీరితే దాని మీది తాకట్టు నమోదుల్ని రద్దు చేస్తూ యూసీసీ-3 ఫారం వేయాలి. కంపెనీ తరఫు లా ఆఫీసులో డెలావేర్ రాష్ట్ర రికార్డుల్లో జీఎం పేరు మీద వెతికితే మూడు నమోదులు వచ్చాయి. రెండు ఈ లీజువి. మూడోది అసలు సంబంధమే లేని 1.5 బిలియన్ డాలర్ల టర్మ్ లోన్‌ది. మూడూ చెక్‌లిస్టులో ఎక్కాయి. బ్యాంకు వైపు లాయర్లకు పంపారు, వాళ్లూ చూసి సరే అన్నారు. దాఖలైపోయింది.

2009లో జీఎం దివాలా తీశాక బయటపడింది. తాకట్టు రద్దు చేసే ఉద్దేశం లేదని బ్యాంకు వాదించింది. ఆ ఫారం దాఖలు చేయడానికి అనుమతి ఇచ్చారా లేదా అన్నదే ముఖ్యం, ఫలితం తెలుసా అన్నది కాదని 2015 జనవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. తాకట్టు పోయింది.

ఎక్కడ తప్పింది? పేరు మీద వెతికారు, నమోదు నంబరు తీసి అందులో ఏ ఆస్తి రాసి ఉందో పక్కన పెట్టుకుని చూడలేదు. పైవాళ్లు చెక్‌లిస్టును చూశారు, దాని వెనక కాగితాన్ని చూడలేదు. ముందు మేడ మీద ఆఫీసు గారు చెప్పిన "వరస వరసా దిద్దడం" ఉన్నది ఇందుకే. మూడు నంబర్లు చూడటానికి పావుగంట, టైమ్‌షీట్‌లో 0.3.

విశాఖ_ఎల్‌ఎల్‌బీ
అమ్మో. చివరిగా, మన దగ్గర ఎల్‌ఎల్‌బీ చేసి ఇలాంటి ఫర్మ్‌లో చేరే దారి ఉందా?

బరోడా_నుంచి_బ్రూక్లిన్
బార్ పరీక్ష వేరు, ఉద్యోగం వేరు. న్యూయార్క్‌లో కామన్ లా దేశపు లా డిగ్రీకి, చదివిన ఏళ్లు, విషయం సరిపోతే పరీక్షకు కూర్చోనిస్తారు. ఏదైనా ఒకటి తగ్గితే అక్కడ 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం చేయాలి. దూరవిద్యలో చదివినది లెక్కలోకి రాదు. మీ కాలేజీ నుంచి మార్కుల పత్రాలు నేరుగా అక్కడి బార్ పరీక్షల బోర్డుకు వెళ్లాలి, మదింపుకు నెలలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి. యూనిఫామ్ బార్ పరీక్షలో 266, నీతి పరీక్షలో 85 రావాలి, 50 గంటల ఉచిత సేవ చూపించాలి, న్యూయార్క్ చట్టం మీద ఆన్‌లైన్ పరీక్ష వేరే ఉంటుంది.

ఉద్యోగం విషయానికొస్తే, క్రవాత్ లాంటివాళ్లు ప్రధానంగా తీసుకునేది అక్కడ మూడేళ్ల జేడీ (అమెరికా లా డిగ్రీ) చదివేవాళ్లని, అదీ చదువు ముగియకముందే వేసవి అసోసియేట్లుగా (సెలవుల్లో పనిచేసే విద్యార్థులుగా). ఎల్‌ఎల్‌ఎం వాళ్లకు చోట్లు బాగా తక్కువ. అప్పు చేసి వెళ్లేటట్టయితే ఈ ముక్క ముందు లెక్కలో వేసుకోండి.

పాత_దస్తావేజు
ఆ ఫర్మ్‌లు ఇక్కడికి రావడం గురించీ అడుగుతారేమో. బార్ కౌన్సిల్ నియమాలు 2023 మార్చిలో నోటిఫై అయ్యాయి, 2025లో సవరించారు. విదేశీ చట్టం మీద సలహా ఇవ్వొచ్చు, మన కోర్టుల్లో వకాలత్ వేయకూడదు.

విశాఖ_ఎల్‌ఎల్‌బీ
మా కాలేజీలో మార్కుల పత్రం చేతికి రావడానికే ఆర్నెల్లు. రేపే అర్జీ పెడతాను. థాంక్సండీ అందరికీ.